పైపూత: కారు మెరుపు వెనక వందేళ్ళ కథ

మా పెదనాన్న గుడివాడ దగ్గర ఒక రైసుమిల్లు ఓనరు గారి దగ్గర ఇరవై ఆరేళ్ళు డ్రైవరుగా చేశాడు. ఆ ఇరవై ఆరేళ్ళూ ఒకటే బండి, నల్ల అంబాసిడర్. దసరా సెలవులకి నేను వెళ్తే ఆయుధపూజ ముందురోజు నాకూ ఒక పాత బనియన్ గుడ్డ చేతికిచ్చేవాడు. ఒక గుండ్రటి డబ్బాలో తెల్లటి ముద్ద ఉండేది. దాన్ని ‘పాలీసు’ అనేవాళ్ళం. అందులో రెండు చుక్కలు కిరసనాయిలు కలిపి, బానెట్టు మీద వేసి రుద్దడమే. ‘గుండ్రంగా రుద్దకురా, పొడుగ్గా లాగు’ అనేవాడు. మధ్యాహ్నానికి ముంజేతులు లాగేసేవి. గుడ్డ నల్లగా అయిపోయేది. ఎంత మురికి పట్టిందో చూడు అనుకునేవాణ్ణి. చివర్లో బానెట్టులో ఎదురుగా ఉన్న కొబ్బరిచెట్టు, దాని మట్టలతో సహా తలకిందులుగా కనపడేది. మర్నాడు ఆ మెరుపు మీదే పసుపు, కుంకుమ, టైర్ల కింద నిమ్మకాయలు.

అలా రుద్దగా రుద్దగా కొన్నేళ్ళకి బానెట్టు మధ్య గీత మీదా, ఫెండర్ల అంచుల దగ్గరా నలుపు పోయి, కింద వేసిన ఎర్రటి ప్రైమర్ బయటపడింది. ‘రంగంతా గీకేశావటరా’ అన్నారు ఓనరు గారు. ఆటోనగర్లో మళ్ళీ పెయింటింగు చేయించి, సగం ఖర్చు పెదనాన్న జీతంలోంచి నెలనెలా పట్టుకున్నారు. ఆయనేమీ మాట్లాడలేదు. ఆ ఏడు దసరాకి పెద్దమ్మ చీర కొనుక్కోలేదు.

ఇది మా ఇంట్లో ఎవరూ పెద్దగా తలుచుకోని సంగతి. నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగు, చేసేది సాఫ్ట్‌వేరు. సొంత కారు కొనుక్కున్నాక, దాని రంగు గురించి నాకో దెబ్బ తగిలాక (అది తర్వాత చెప్తాను), ఈ పాత సంగతి మళ్ళీ గుర్తొచ్చింది. అసలు కారుకి మెరుపు ఎక్కణ్ణుంచి వస్తుంది? రుద్దితే వచ్చేదా, పూస్తే వచ్చేదా? ఆ బండి రంగు పోవడంలో తప్పెవరిది? వీటికోసం వెతుకుతూ పోతే లక్కపురుగు దగ్గర్నుంచి బ్రెజిల్ తాటాకుల దాకా, తుపాకి మందు దగ్గర్నుంచి పెనం దాకా చాలా చోట్లకి తీసుకెళ్ళింది ఈ వెతుకులాట.

*

ముందు మాటల సంగతి. తెలుగులో పాలిష్ చేయడాన్ని ‘మెరుగు పెట్టడం’ అంటాం. ఏదన్నా బాగుపడితే ‘మెరుగైంది’ అంటాం. రెంటికీ ఒకటే మాట. రుద్ది మెరిపిస్తే వస్తువు బాగుపడినట్టేనన్న నమ్మకం ఆ మాటలోనే ఉంది. అయితే మనవాళ్ళు అంత అమాయకులేం కాదు. ‘పైపై మెరుగులు’ అన్న మాటా వాళ్ళదే, ‘పైన పటారం, లోన లొటారం’ అన్న సామెతా వాళ్ళదే.

ఇంకో మాట లక్క. సంస్కృతంలో లాక్ష, ప్రాకృతం మీదుగా మనకి లక్క. ఇదే మాట పారశీకం, అరబ్బీ, పోర్చుగీసు భాషల గుండా ప్రయాణించి ఇంగ్లీషులో ‘లాకర్’ అయింది. చెట్ల కొమ్మల మీద బతికే చిన్న పురుగు విడిచే జిగురే లక్క. దాన్ని శుద్ధి చేసి పల్చటి రేకులుగా తీస్తే షెల్లాక్. యూరప్ ఇళ్ళలో బీరువాలకీ పియానోలకీ పెట్టే ఫ్రెంచ్ పాలిష్ ఈ షెల్లాకే. మన తాతలు పద్యాలు విన్న గ్రామఫోను ప్లేట్లూ దీంతో చేసినవే. ప్రపంచానికి కావలసిన లక్కలో అత్యధిక భాగం మన దేశపు అడవుల్లోంచే వెళ్ళేది.

మెరుగు పెట్టడం ఎలా ఉంటుందో కళ్ళారా చూడాలంటే వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకకి వెళ్ళాలి. అంకుడు కర్రని తరిణి మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్ర మీద పరుచుకుంటుంది. దాని మీద మొగలి ఆకుని అదిమి పట్టుకుంటే మెరుపు వస్తుంది. అక్కడ రంగూ, రక్షణా, మెరుపూ మూడూ ఒకే పూత. ఇది గుర్తుపెట్టుకోండి. కారు రంగు చరిత్ర అంతా ఈ మూడూ ఒకదాన్నుంచి ఒకటి విడిపోవడమే.

*

మొదటి కార్లకి రంగు వేసింది గుర్రబ్బళ్ళకి రంగు వేసినవాళ్ళే. పద్ధతీ అదే. అవిసె నూనెతో చేసిన రంగులు, వాటి మీద వార్నిష్. బ్రష్షుతో ఒక పూత, అది ఆరేదాకా ఆగడం, ప్యూమిస్ రాయి పొడితో రుద్దడం, మళ్ళీ పూత. ఇలా ఎన్నో పొరలు. ఒక బండి పూర్తవడానికి వారాలు పట్టేది. అవిసె నూనె ఎండేది నీళ్ళు ఆవిరైనట్టు కాదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నెమ్మదిగా గట్టిపడుతుంది. తొందరపెట్టడానికి వీలుండదు.

హెన్రీ ఫోర్డు మోడల్ టి కారు 1908లో వచ్చింది. మొదట్లో అది బూడిద, ఆకుపచ్చ, ఎరుపు రంగుల్లోనూ దొరికేది. 1913లో హైలాండ్ పార్కు ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైను వచ్చింది. అప్పటిదాకా పన్నెండు గంటలకి పైగా పట్టిన చాసీ బిగింపు 1914 కల్లా 93 నిమిషాలకి దిగింది. బండి గంటన్నరలో తయారై, రంగు ఆరడానికి వారాలు కూచుంటే కుదరదు కదా. 1914 నుంచి 1925 దాకా మోడల్ టి నలుపులో మాత్రమే వచ్చింది. తారు లాంటి పదార్థంతో చేసి, కొలిమిలో కాల్చి గట్టిపరిచే నల్ల ఎనామిల్ రకాలు అందులో వాడారు. చవక, మన్నిక. ఆ నలుపుని ‘జపాన్ బ్లాక్’ అనేవాళ్ళు. జపాను వాళ్ళ చెట్టుజిగురు లాకర్‌ని అనుకరించబోయి యూరపువాళ్ళు చేసుకున్న పూతలకి ఆ దేశం పేరే మిగిలింది. పేర్లు చూస్తే ఒకటి జపాను నుంచి, ఒకటి మన దగ్గర్నుంచి. సరుకు మాత్రం రెండు చోట్లదీ కాదు.

ఇక్కడికి తుపాకి మందు వచ్చి చేరుతుంది. డ్యూపాంట్ మొదట్నుంచీ మందుగుండు కంపెనీ. పత్తిని నైట్రిక్ ఆమ్లంతో కలిపి చేసే నైట్రోసెల్యులోజ్ దాని ముఖ్యమైన సరుకు. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయేసరికి దాన్ని చేసే ఫ్యాక్టరీలు మిగిలాయి, కొనేవాళ్ళు తగ్గారు. అదే నైట్రోసెల్యులోజ్‌తో సినిమా ఫిల్మూ చేస్తారు. 1920లో న్యూజెర్సీలోని పార్లిన్ ఫిల్ము ప్లాంటులో, సోడియం అసిటేట్ కలిసిన నైట్రోసెల్యులోజ్ ద్రావణం అనుకోకుండా కొన్నాళ్ళు అలా ఉండిపోయింది. చూస్తే చిక్కటి జిగురు కాస్తా పల్చటి పాకంలా అయింది. పల్చనైనా అందులో సరుకు అంతే ఉంది. అంటే తుపాకీతో చిమ్మొచ్చు, ఒక్కో పూతా మందంగా పడుతుంది, ఆరడానికి గంటలు కూడా అక్కర్లేదు. ఎడ్మండ్ ఫ్లాహర్టీ అనే రసాయన శాస్త్రవేత్త పేరుతో దాని పేటెంటు ఉంది. వ్యాపార నామం డ్యూకో.

డ్యూపాంట్‌కి అప్పటికే జనరల్ మోటార్స్‌లో పెద్ద వాటా ఉంది. 1924 మోడల్ ఓక్లండ్ కారు నీలిరంగు డ్యూకోతో వచ్చింది. రెండేళ్ళలో ఆ కంపెనీ కార్లన్నిటికీ పాకింది. 1927లో జనరల్ మోటార్స్ ‘ఆర్ట్ అండ్ కలర్’ అని ఒక విభాగమే పెట్టి హార్లీ ఎర్ల్‌ని అధిపతిని చేసింది. ఆ ఏడే మోడల్ టి ఆగిపోయింది. దాని తర్వాత ఫోర్డు తెచ్చిన మోడల్ ఎ రంగుల్లో వచ్చింది.

డ్యూకోని లాకర్ అన్నారు గానీ అందులో లక్క చుక్క కూడా లేదు. సరిగ్గా 1924లోనే రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో భారత లక్క పరిశోధనా సంస్థ మొదలైంది. లక్కకి కొత్త ఉపయోగాలు వెతకాల్సిన రోజులు వచ్చేశాయి. మన ఊళ్ళలో ఇప్పటికీ బీరువాకో తలుపుకో తుపాకీతో రంగు కొట్టిస్తే ‘డ్యూకో వేయించాం’ అంటారు. ఎక్కడి న్యూజెర్సీ, ఎక్కడి గుడివాడ.

*

డ్యూకోకి ఒక లోపముంది. చిమ్మగానే అది మెరవదు, మందకొడిగా ఉంటుంది. ఫ్యాక్టరీలో చేత్తో రుద్ది మెరుగు పెట్టాల్సిందే. ఆ తర్వాత ఎండలో నిలబెడితే అతినీలలోహిత కిరణాలకి పైన ఉన్న జిగురు చెడిపోయి, రంగుపొడి వదులుగా తేలిపోతుంది. వేలుతో రాస్తే సుద్దలా అంటుకుంటుంది. అంటే కొత్త రంగుతో పాటే కొత్త చాకిరీ కూడా వచ్చింది. గుర్రబ్బండి రోజుల్లో పనివాడు రుద్దితే, ఇప్పుడు ఓనరు ఆదివారం పూట రుద్దాలి. లేదా డ్రైవరు.

ఈ చాకిరీ మీద బతికిన కంపెనీలు చాలా ఉన్నాయి. షికాగోలో జార్జ్ సైమన్స్ అనే అతను 1910 ప్రాంతంలోనే కార్ల కోసం ఒక క్లీనరూ, ఒక మైనం ముద్దా తయారుచేశాడు. అదే సైమనైజ్. తర్వాత అమెరికాలో ‘సైమనైజ్ చేయడం’ అంటే కారుకి మైనం పట్టించడం అయిపోయి, ఆ మాట నిఘంటువుల్లోకి ఎక్కింది. విస్కాన్సిన్‌లోని రసీన్‌లో శామ్యూల్ కర్టిస్ జాన్సన్ 1886లో చెక్క ఫ్లోరింగు వ్యాపారం కొన్నాడు. కొన్నవాళ్ళందరూ ‘ఈ నేల మెరుపు పోకుండా ఎలా చూసుకోవాలి’ అని అడుగుతుంటే మైనం కలపడం మొదలుపెట్టాడు. కొన్నాళ్ళకి నేల కంటే మైనమే ఎక్కువ అమ్ముడుపోయింది. 1940ల్లో షికాగోలోనే బెన్ హర్ష్ అనే అతను స్నానాల తొట్టిలో ద్రవ మైనం కలిపి సీసాల్లో పోసేవాడు. పార్కింగు స్థలానికెళ్ళి, ఎవరిదో కారు ఒక్క ఫెండర్ మాత్రం తళతళలాడేలా తుడిచి, ఓనరు వచ్చేదాకా పక్కనే నిలబడేవాడట. సగం మెరిసిన కారు చూశాక మిగతా సగం అలా వదిలెయ్యడం ఎవరి తరం? ఆ కంపెనీయే తర్వాత టర్టిల్ వాక్స్ అయింది.

ఈ మైనాలన్నిటికీ ప్రాణం ఒక తాటిజాతి చెట్టు. పేరు కర్నౌబా. ఈశాన్య బ్రెజిల్‌లో సియరా, పియావీ, రియో గ్రాండే దో నోర్తే రాష్ట్రాల్లో పెరుగుతుంది. అక్కడ సగం ఏడాది వాన ఉండదు. ఆకులోని తడి ఎండకి పోకుండా చెట్టు ఆకు మీద సన్నటి మైనం పొరని తొడుక్కుంటుంది. ఎండాకాలంలో పొడుగాటి గెడకి కొడవలి కట్టి ఆకులు కోస్తారు. ఎండబెడతారు. ఎండిన ఆకుని చీల్చి బాదితే తెల్లటి పొడి రాలుతుంది. ఆ పొడిని కరిగించి వడగట్టి చల్లారిస్తే గట్టి పెళ్ళలవుతుంది. విచ్చుకోని లేతాకుల్లోంచి వచ్చే లేత పసుపు రకానికి ఎక్కువ ధర. సహజమైన మైనాల్లో ఇంత గట్టిది లేదు. 82 నుంచి 86 డిగ్రీల సెల్సియస్ దాకా కరగదు. మన తేనెమైనం 62, 64 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. మే నెల ఎండలో విజయవాడలో నల్ల బానెట్టు మీద తేనెమైనం పూస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

1935లో, ఆర్థిక మాంద్యం మధ్యలో, జాన్సన్ మనవడు హెచ్.ఎఫ్. జాన్సన్ జూనియర్ నీళ్ళ మీదా నేల మీదా దిగగల సికోర్‌స్కీ ఎస్-38 విమానమొకటి తీసుకుని ఆ చెట్టుని వెతుక్కుంటూ సియరా రాజధాని ఫోర్టలేజా దాకా ఎగిరి వెళ్ళాడు. ముడిసరుకు ఎంత ఉంది, ఎన్నాళ్ళు దొరుకుతుంది, తోటలుగా పెంచొచ్చా అని తెలుసుకోవడానికి. 1998లో ఆయన కొడుకు శామ్ జాన్సన్ డెబ్భై ఏళ్ళ వయసులో, అదే రకం విమానాన్ని మళ్ళీ కట్టించి, తన కొడుకులతో కలిసి అదే దారిలో వెళ్ళాడు. ఆ ప్రయాణం మీద ‘కర్నౌబా’ పేరుతోనే డాక్యుమెంటరీ ఉంది. అది చూస్తే మైనం గురించి తెలిసేది తక్కువ, తండ్రి గురించి ఒక కొడుకు వెతుకులాటే ఎక్కువ.

*

ఇప్పుడు మైనం అసలేం చేస్తుందో చూద్దాం. మన ఇళ్ళలో కడప బండ పరిచిన వసారా గుర్తు తెచ్చుకోండి. పొడిగా ఉంటే బూడిద రంగు. కడిగి తడిగా ఉంటే నల్లగా నిగనిగలాడుతుంది. బండ మారలేదు. పొడి బండ మీది సన్నటి గరుకు వెలుతురుని అన్ని వైపులకీ చెదరగొడుతుంది. ఆ చెదిరిన తెలుపు నలుపుతో కలిసి బూడిదలా కనిపిస్తుంది. నీళ్ళు ఆ గుంటల్ని నింపి పైభాగాన్ని చదును చేస్తే, వెలుతురు ఒకే దిక్కుకి తిరిగి వెళ్తుంది. మైనం చేసేదీ ఇదే. అది ఆరిపోని తడి. కాంతిని వంచే గుణంలో రంగుకీ మైనానికీ పెద్ద తేడా లేదు గనక గీత నిండిపోతే కంటికి కనపడదు. పూత మందం చూస్తే ఒక మైక్రానుకి లోపే. మన తల వెంట్రుక 70 మైక్రాన్లుంటుంది.

రుద్దుడు ముద్ద, అంటే రబ్బింగ్ కాంపౌండు, చేసే పని దీనికి పూర్తిగా వ్యతిరేకం. అందులో ఉండేది మెత్తటి రాపిడి పొడి. అది గుంటల్ని నింపదు, గుంట అడుగు దాకా చుట్టూ ఉన్న రంగుని అరగదీస్తుంది. మెరుపు రెండు రకాలుగానూ వస్తుంది. ఒకటి కలపడం, ఒకటి తీసేయడం. కంటికి తేడా తెలీదు. మొదటిది కొన్ని వారాల్లో వానకీ, సబ్బుకీ పోతుంది, మళ్ళీ పూసుకోవచ్చు. రెండోదాంట్లో పోయింది తిరిగి రాదు. అంచుల దగ్గరా, ఎత్తు గీతల మీదా రంగు పల్చగా ఉంటుంది, చెయ్యి ఎక్కువ బరువు పడుతుంది. ముందుగా అరిగేవి అవే.

ఇది చదివినప్పుడు నాకు ఆ గుండ్రటి డబ్బా గుర్తొచ్చింది. మేము ‘పాలీసు’ అన్న తెల్లటి ముద్ద మైనం కాదు, కాంపౌండు. డబ్బా మీద ఇంగ్లీషులో రాసే ఉండి ఉంటుంది. పెదనాన్నకి ఇంగ్లీషు రాదు. ఓనరు గారికి వచ్చు, కానీ ఆయన డబ్బా చూసి ఉండరు. ఏడాదికోసారి రుద్దాల్సినదాన్ని నెలనెలా రుద్దాం. దాని మీద మైనం పూయాలని ఎవరికీ తెలీదు.

*

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సిలికోన్లు వచ్చాయి. మైనంలో అవి కలిస్తే రుద్దే కష్టం తగ్గింది, నీటిబొట్లు ముత్యాల్లా నిలిచాయి. పెయింటర్లకి మాత్రం తలనొప్పి వచ్చిపడింది. సిలికోన్ మిగిలిన రేకు మీద మళ్ళీ రంగు కొడితే చేపకళ్ళలాంటి గుంటలు పడతాయి. ఆ తర్వాత చెట్టుతో సంబంధం లేని, పూర్తిగా ల్యాబులో తయారైన పాలిమర్ సీలెంట్లు వచ్చాయి. మైనం రంగు మీద ఊరికే కూచుంటుంది. మంచి సీలెంటు కొంతవరకు అతుక్కుని నెలల తరబడి ఉంటుంది. అయితే కర్నౌబా ఇచ్చే ఆ లోతైన మెరుపు సీలెంటుకి రాదని వాదించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఫిల్టరు కాఫీ, ఇన్‌స్టంటు కాఫీ తగాదాలాంటిది ఇది.

నా దెబ్బ సంగతి ఇక్కడిది. మొదటి కారు కొన్నప్పుడు షోరూములో ‘టెఫ్లాన్ కోటింగ్’ వేయించుకోమన్నారు. కొన్ని వేలు. మూడేళ్ళ వరకు పాలిష్ అక్కర్లేదన్నారు. వేయించుకున్నాను. కారు చూపించడానికి ఊరు తీసుకెళ్తే పెదనాన్న చుట్టూ తిరిగి చూసి, ‘పెనానికి వేసేది బండికెందుకురా?’ అన్నాడు. నవ్వాను, ఆయనకి తెలీదులే అని. రెండు వానాకాలాలు తిరిగేసరికి నీళ్ళు ముత్యాలుగా నిలవడం మానేశాయి.

తర్వాత తెలుసుకున్నది ఇదీ. టెఫ్లాన్ 1938లో, మళ్ళీ డ్యూపాంట్ ల్యాబులోనే దొరికింది. దేనికీ అంటుకోకపోవడమే దాని గొప్పతనం. అలాంటిది కారుకి మాత్రం ఎందుకు అంటుకుంటుంది? అది 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పెనానికి పట్టించాలంటే అంతకంటే ఎక్కువ వేడిలో కాల్చాలి. షోరూము వెనక గుడ్డతో రాస్తే కుదిరే పని కాదు. కారు రంగుని అంత వేడి చేస్తే రంగే మిగలదు. సీసాలో టెఫ్లాన్ పొడి ఉందా లేదా అన్నది కాదు ప్రశ్న, ఉన్నా చేసేదేమీ లేదు. పని చేసినంత కాలం చేసింది దాంతో ఉన్న మామూలు మైనమో సిలికోనో అయ్యుండాలి. పదో తరగతి దాటని పెదనాన్న సరైన ప్రశ్న వేశాడు. ఇంజనీరింగు చదివిన నేను వేయలేదు.

ఇప్పటి మాట సిరామిక్ కోటింగు. ఇందులో నిజం కొంత ఎక్కువ. సిలికా ఆధారిత ద్రవం గాలిలో తేమతో కలిసి గట్టిపడి, రంగుకి అతుక్కుని, ఏళ్ళ తరబడి ఉంటుంది. మందం ఒకటి రెండు మైక్రాన్లు. కానీ దాని మీద అచ్చేసే ‘9హెచ్’ అన్నది వజ్రంతో పోల్చే కొలత కాదు, పెన్సిలు గట్టిదనం. అన్నిటికంటే గట్టి పెన్సిలుతో గీసినా గీత పడలేదని దాని అర్థం. ఇసుక రేణువు పెన్సిలు కంటే చాలా గట్టిది.

అసలైన పెద్ద మార్పు ఈ సీసాల్లో కాదు, ఫ్యాక్టరీలోనే వచ్చింది. 1980ల నాటికి అమెరికా, యూరప్, జపానుల్లో కార్లకి రంగు పొర మీద రంగులేని ఇంకో పొర, క్లియర్ కోటు, వేయడం మామూలైపోయింది. ఏటికొప్పాక బొమ్మ మీద ఒకటిగా ఉన్న మూడు పనులు ఇలా విడిపోయాయి. రంగు కింద పొరది. రక్షణ, మెరుపు పైపొరవి. ఎండని తట్టుకునే రసాయనాలన్నీ ఆ పైపొరలో ఉంటాయి. దాని మందం నలభై, యాభై మైక్రాన్లు, వెంట్రుక కంటే తక్కువ. గట్టిగా పాలిష్ చేసిన ప్రతిసారీ అందులో కొన్ని మైక్రాన్లు పోతాయి.

ఇక్కడే ఒక తేడా ఉంది. పాత ఒంటిపొర రంగుని రుద్దితే గుడ్డకి ఆ రంగు అంటుతుంది. పోతున్నది కళ్ళముందు కనపడుతుంది. క్లియర్ కోటుని రుద్దితే గుడ్డకి ఏమీ అంటదు. పోయేదానికి రంగు లేదు కదా. బండి మెరుస్తూనే ఉంటుంది. ఒక ఏడు ఎండాకాలంలో టాపు మీద తెల్లగా పొరలు లేచినప్పుడు గానీ అయిపోయిందని తెలీదు.

*

మెరుపుకి ఎవరో ఒకరు రుద్దాల్సిందే, లేదా కొయ్యాల్సిందే. 2017లో జర్మనీ ప్రభుత్వ రంగ టీవీ ఒకటి బ్రెజిల్ కర్నౌబా తోటల మీద కార్యక్రమం చేసింది. ఈ మైనం కార్లకే కాదు, మిఠాయిలకీ మాత్రలకీ కూడా మెరుపునిస్తుంది. లేబుల్ మీద ‘ఇ 903’ అని ఉంటే అదే. ఆకులు కోసేవాళ్ళు ఆరుబయటో, లారీల్లోనో పడుకోవడం, వడగట్టని ఏటినీళ్ళు తాగడం, చాలీచాలని కూలి, అన్నీ అందులో బయటపడ్డాయి. బానిస చాకిరీలాంటి పరిస్థితుల నుంచి అక్కడి కార్మిక శాఖ తనిఖీ బృందాలు కూలీలను విడిపించిన సందర్భాలూ ఉన్నాయి. ఎండ నుంచి తనని కాపాడుకోవడానికి చెట్టు చేసుకున్న పూతని, ఆ ఎండలోనే నిలబడి మనుషులు దులిపి ఇస్తే, అది మన బానెట్టుని ఎండ నుంచి కాపాడుతుంది.

అంత దూరం ఎందుకు, మా హైదరాబాదు అపార్టుమెంటు సెల్లారులో రోజూ తెల్లవారుజామున ఒకతను ముప్ఫై కార్లు తుడుస్తాడు. ఒక బకెట్టు, ఒక గుడ్డ. పదో కారుకి వచ్చేసరికి నీళ్ళు మట్టిరంగు. దుమ్ముతో కూడిన ఆ గుడ్డే ఇప్పటి కార్లకి అసలు శత్రువు. ఎండలో దీపం చుట్టూ సాలెగూడులా కనపడే గీతలు దాని పనే. గీతలు నిజానికి గుండ్రంగా ఉండవు, అన్ని దిక్కులకీ ఉంటాయి. వెలుగు చుట్టూ అడ్డంగా పడ్డవి మాత్రమే మన కంటికి మెరుస్తాయి గనక వలయాల్లా కనిపిస్తాయి. ఇదంతా తెలుసుకున్న ఉత్సాహంలో ఒకరోజు అతనికి రెండు బకెట్ల పద్ధతి వివరించాను. ఓపిగ్గా విన్నాడు. ‘మంచిదే సార్, రెండో బకెట్టుకి నీళ్ళు ఎవరిస్తారు?’ అన్నాడు. మా అపార్టుమెంటుకి వేసవిలో ట్యాంకరు వస్తుంది. నేనింకేమీ మాట్లాడలేకపోయాను.

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు పెదనాన్నకి ఈ కథంతా చెప్పాను. ఇప్పుడాయనకి డెబ్భై దాటాయి. తప్పు నీది కాదు, ఆ డబ్బాలో ఉన్నది పాలీసు కాదు, రంగుని అరగదీసే ముద్ద, అది నీకు ఎవరో ఒకరు చెప్పాల్సింది, జీతంలో పట్టుకోవడం అన్యాయం అని చెప్పుకొచ్చాను. ఇన్నేళ్ళ తర్వాత ఆయనకి న్యాయం చేస్తున్నట్టు కొంచెం గొప్పగా కూడా అనిపించింది.

అంతా విని, ‘తెలుసురా’ అన్నాడు.

‘ఏం తెలుసు?’

‘గుడ్డకి నలుపు అంటేది కదా. మురికైతే ఎర్రగా, మట్టిగా ఉంటది. నల్లగా ఎందుకుంటది?’

‘మరి తెలిసీ ఎందుకు రుద్దావు పెదనాన్నా?’

‘ఓనరు గారు బండెక్కే ముందు బానెట్టులో మీసం చూసుకునేవారు. కనపడకపోతే ఆ రోజంతా చిరాకే. రంగు ఇంకో నాలుగేళ్ళకి పోతది. చిరాకు ఇవాళ పడాలి కదా.’

దానికి నా దగ్గర జవాబు లేదు. పెద్దమ్మ లోపల్నుంచి కాఫీ తెచ్చింది. కాసేపటికి ఆయనే అన్నాడు, ‘నీ పెనం బండి ఎట్టా ఉందిరా?’ అని. బయటికొచ్చి చూశాడు. బానెట్టు మీద వేలితో ఒకసారి రాసి, ఆ వేలు వెలుగులోకి పెట్టి చూసుకున్నాడు. దానికేమీ అంటలేదు.